ఎం బుక్కులో లేని పద్దు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు ఒక క్వారీలో ఒక బండరాయిని పేల్చారనుకుందాం. 2025 నవంబరు దాకా లెక్క ఇది: రాయి కొండలో ఉన్నంతసేపు దాని దగ్గర పనిచేసే మనిషిని కాచేది 1952 నాటి గనుల చట్టం. అది టిప్పరెక్కి నౌపడ మీదుగా సముద్రం వైపు బయలుదేరితే మోటారు వాహనాల చట్టం అందుకుంటుంది. మూలపేట ఒడ్డున, అలల తాకిడిని ఆపే గట్టు మీద దాన్ని దించేటప్పుడు 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం వస్తుంది. రేపు రేవు తెరుచుకుని ఓడలొస్తే, అక్కడ సరుకు దించే కూలీకి 1986 నాటి డాక్ కార్మికుల చట్టం. ఒక్క రాయి వెంట నాలుగు చట్టాలు నడిచాయి. మనిషి మాత్రం చాలాసార్లు ఒక్కడే. ఒకే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఎటు పొమ్మంటే అటు వెళ్లినవాడు.

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పై నాలుగింటిలో మూడు చట్టాలు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయాయి. మొత్తం 13 పాత చట్టాలను ఆ ఒక్క కోడ్ మింగింది. ఉత్తరాంధ్ర తీరం వెంట రేవులు, విమానాశ్రయం, రోడ్లు, పైపులైన్లు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్న కాలమిది. ఈ సమయంలో సబ్ కాంట్రాక్టరు సంతకం పెట్టే భద్రతా షరతులు ఎక్కడ పుట్టాయి, ఎవరి నెత్తిన దిగుతున్నాయి, ఎందుకు కాగితం దాటి రావడం లేదు అన్నది ఒకసారి మొదటినుంచి చూడాల్సిన అవసరం ఉంది. చట్టం లేక మనుషులు చావడం లేదు. షరతులు లేక కూడా కాదు. భద్రతకు బిల్లులో వరుస లేకపోవడమే అసలు జబ్బు అని నా వాదన.

నౌపడ చుట్టూ

నౌపడకు పెద్ద పనులు కొత్త కాదు. 1900లో పర్లాకిమిడి జమీందారీ చిన్న రైలు ఇక్కడినుంచే కొండల వైపు బయలుదేరింది. శతాబ్దం గడిచాక, 2004లో ఆ సన్న పట్టాలు తీసి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ వేసే పని మొదలై, 2011కి పూర్తయింది. ఊరి పక్క ఉప్పు మడులు అంతకంటే పాతవి. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఇక్కడా జరిగింది. ఇదే సంతబొమ్మాళి మండలంలో 2023 ఏప్రిల్ 19న మూలపేట రేవుకు శంకుస్థాపన చేశారు. తొలి దశలో నాలుగు బెర్తులు, ఏటికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సామర్థ్యం దాని లక్ష్యం. రేవుకు రోడ్డు కావాలి, నౌపడ వైపు నుంచి రైలు మార్గం కావాలి, నీళ్ల పైపు కావాలి. ఈ ఒక్కో పని విడిపోయి ఎంతోమంది సబ్ కాంట్రాక్టర్ల చేతుల్లోకి వెళుతుంది.

ఈ నేల స్వభావం కూడా భద్రతలో భాగమే. ఇసుక కలిసిన నేల, చేతికందే లోతులో నీళ్లు. తవ్విన కందకం పొద్దున ఒకలా, మధ్యాహ్నానికి ఇంకోలా ఉంటుంది. ఉప్పుగాలికి పరంజా పైపుల బిగింపులు, క్రేన్ తీగలు త్వరగా తుప్పు పడతాయి. మైదానంలో నడిచిన తనిఖీ గడువు ఇక్కడ చాలదు. ఇక తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటింది పక్కనే ఉన్న వజ్రపుకొత్తూరు మండలం దగ్గర. ఎత్తైన క్రేన్లు, సగం కట్టిన గోడలు, రేకుల షెడ్లలో కూలీలు ఉన్న సైటుకు ఈ ఊళ్లో అక్టోబరు, నవంబరు నెలలు పరీక్ష కాలం. హైదరాబాదులో తయారైన భద్రతా ప్రణాళికలో ఊరి పేరు ఒక్కటి మార్చి ఇక్కడ అతికిస్తే ఈ మూడింటిలో ఏదీ కనిపించదు.

అధికార పరిధి చిక్కు ఇంకొకటి. రైల్వే స్థలంలో జరిగే పనికి కేంద్ర కార్మిక శాఖ అధికారులు, రాష్ట్ర మారిటైమ్ బోర్డు చేయించే రేవు పనికి రాష్ట్ర కార్మిక శాఖ అధికారులు బాధ్యులు. ఒకే మేస్త్రీ సోమవారం రైలు కట్ట మీద, గురువారం రేవు రోడ్డు మీద పని చేయిస్తే, అతని మస్టరు చూడాల్సిన అధికారి వారం మధ్యలో మారిపోతాడు.

మేస్త్రీ అనే పాత కథ

సబ్ కాంట్రాక్టు అనే మాట కొత్తగా వినిపిస్తుంది కానీ పద్ధతి పాతదే. ఒడిశాలో దాన్ని దాదన్ అన్నారు. పండక్కి ముందో, వానలకు ముందో అడ్వాన్సు ఇచ్చి, ఇంటినుంచి మనుషుల్ని దూరప్రాంతాల పనులకు తోలుకుపోవడం. దాన్ని అదుపు చేయడానికి ఒడిశా 1975లో ప్రత్యేక చట్టం తెచ్చింది. దాని అనుభవం మీదే 1979లో దేశమంతటికీ అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఉత్తరాంధ్రకు ఈ కథ పరాయిది కాదు. సరిహద్దుకు ఇవతల కూడా అదే అడ్వాన్సు, అదే రైలు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల మీద సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు ఈ గొలుసును బయటపెట్టింది. కూలీకి రోజుకు 9 రూపాయల 25 పైసలు రావాలి. కాంట్రాక్టరు ఆ డబ్బు జమాదారుకు ఇచ్చేవాడు. జమాదారు మనిషికి రూపాయి తీసుకుని 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవాడు. కాంట్రాక్టర్లకు అప్పగించాం కాబట్టి మాకు సంబంధం లేదన్న వాదనను జస్టిస్ భగవతి ధర్మాసనం ఒప్పుకోలేదు. పని ఎవరిదో కార్మిక చట్టాల అమలు చూసే బాధ్యతా వాళ్లదేనని తేల్చింది. నలభై ఏళ్లు దాటాయి. ఆనాటి రూపాయి కోత ఇప్పుడు బ్యాంకు ఖాతాల మాటున మరో రూపంలో ఉంటుంది. గొలుసు మాత్రం ఇంకా పొడవైంది.

ఈ గొలుసు చివర ఉన్నవాడు ఎవరో 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో తెలిసింది. కడుతున్న పదకొండంతస్తుల భవనం వానలో కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు చాలామంది. వారం తిరిగిందో లేదో, జులై 6న తిరువళ్లూరు జిల్లా ఉప్పరపాళయంలో గోదాము గోడ పడి 11 మంది పోయారు. వాళ్లలోనూ ఎక్కువమంది మన వైపు వాళ్లే. మౌలివాక్కంలో మిగిలిన రెండో భవనాన్ని 2016 నవంబరు 2న పేల్చి కూల్చేశారు. భవనం పేలుడు దేశమంతా టీవీల్లో చూసింది. కూలిపోయిన మనుషుల ఊళ్ల పేర్లు మాత్రం ఇక్కడివాళ్లకే గుర్తు.

ప్రమాదం ఇంటికి కూడా వచ్చింది. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో భారీ క్రేన్‌ను పరీక్షిస్తుండగా కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో కాంట్రాక్టు సంస్థల మనుషులూ ఉన్నారు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణ నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం రోజు, కొద్దిరోజుల ముందు కట్టిన గోడ క్యూలో నిలబడ్డవాళ్ల మీద పడి ఏడుగురు భక్తులు పోయారు. ఈ చివరిది చెప్పే పాఠం వేరు. సైటు భద్రత కూలీ ఒక్కడి సమస్య కాదు. హడావిడిలో, సరైన డిజైను లేకుండా కట్టిన గోడకు కూలీ ఎవరో, యాత్రికుడు ఎవరో తెలియదు.

పాత చట్టాలు ఏం చెప్పాయి, కొత్త కోడ్ ఏం మార్చింది

1996 చట్టం మంచి చట్టమే. పని మొదలుపెట్టే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వమంది. 500 మంది, అంతకు మించి ఉంటే భద్రతా కమిటీ పెట్టమంది. 1998 నాటి కేంద్ర నియమాలు ప్రాణం పోయిన ప్రమాదాన్ని నాలుగు గంటల్లో తెలియజేయమన్నాయి. పరంజా, తవ్వకం, క్రేన్, విద్యుత్తు, పేలుడు ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం రాశాయి. కొరత శిక్షలో ఉంది. భద్రతా నియమాలు ఉల్లంఘిస్తే మూడు నెలల జైలు, లేదా గరిష్ఠంగా 2,000 రూపాయల జరిమానా. ఒక క్రేన్ ఒక గంట ఖాళీగా నిలబడితే అయ్యే నష్టం అంతకంటే ఎక్కువ. అలాంటప్పుడు పని ఆపి బిగింపు సరిచేయించడం కన్నా జరిమానా కట్టడమే చవక.

కొత్త కోడ్ ఇక్కడ గట్టిగా మారింది. విధి తప్పినందువల్ల మనిషి చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకుంది. నిర్మాణంలో భద్రతా కమిటీకి, భద్రతాధికారికి హద్దు 500 నుంచి 250 మందికి దిగింది. అందరికీ నియామక పత్రం ఇవ్వాలి. కాంట్రాక్టు కూలీలకు తాగునీరు, క్యాంటీన్, విశ్రాంతి గది వంటి సౌకర్యాలు ఇవ్వాల్సింది ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే సంస్థే, అని నేరుగా రాశారు. సామాజిక భద్రతా కోడ్ ప్రకారం ఇంటినుంచి పనికి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదమూ, పనితో సంబంధం ఉంటే, పనిలో జరిగినట్టే. తెల్లవారుజామున ఆటోలో కిక్కిరిసి సైటుకు బయలుదేరే కూలీకి ఇది చిన్న మార్పు కాదు.

త్రాసులో రెండో తట్ట కూడా ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది దగ్గర మొదలయ్యేది. కొత్త కోడ్‌లో ఆ హద్దు 50. ఉత్తరాంధ్ర సైట్లలో మేస్త్రీల గుంపులు చాలావరకు ఇరవైకి, యాభైకి మధ్య ఉండే గుంపులే. పెద్ద గుంపును రెండు పేర్ల కింద చీల్చి 49, 48గా చూపించడం ఎవరికీ కష్టం కాదు. అలా చీల్చినవాడి మీద లైసెన్సు షరతులు పనిచేయవు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల విషయంలోనూ ఐదు పదయింది. తనిఖీ అధికారి ఇప్పుడు తనిఖీదారు, సలహాదారు కలిసిన అధికారి. ఏ సైటుకు వెళ్లాలో కంప్యూటరు లాటరీ చెప్పే పద్ధతి ఉంది. వేధింపు తగ్గుతుందని కాంట్రాక్టర్లు, వేటు తగ్గుతుందని కార్మిక సంఘాలు అంటున్నాయి. ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారు. కొత్త నియమాలు పూర్తిగా వచ్చేదాకా, కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత నియమాలు కొనసాగుతాయని కేంద్రం చెప్పింది. కాబట్టి సైటులో ఉన్నవాళ్లు కొన్నాళ్లు రెండు పుస్తకాలూ దగ్గర పెట్టుకోవాలి.

చాలామంది చూడని కాగితం ఇంకొకటి ఉంది: పర్యావరణ అనుమతి లేఖ. 2006 నోటిఫికేషన్ కింద ఇచ్చే ఇలాంటి లేఖల్లో సాధారణంగా నిర్మాణ కూలీలకు సైటులోనే వసతి, వంట ఇంధనం, మరుగుదొడ్లు, తాగునీరు, వైద్యం, పిల్లల సంరక్షణ కల్పించాలన్న షరతు ఉంటుంది. ఆరు నెలలకోసారి అమలు నివేదిక ఇవ్వాలి. తేలినీలాపురం కొంగల కోసం, చిత్తడి నేలల కోసం జనం చదివే ఆ లేఖలో కూలీ కొట్టం గురించి కూడా ఒక వాక్యం ఉందని సబ్ కాంట్రాక్టరుకు చెప్పేవాళ్లు తక్కువ.

వర్క్ ఆర్డరు చదివితే

ఇప్పుడు షరతుల దగ్గరికి వద్దాం. పెద్ద కంపెనీ ఇచ్చే వర్క్ ఆర్డరులో పని వివరం రెండు పేజీలు, షరతులు ఇరవై పేజీలు. వాటిని పిండితే నాలుగు రకాలు మిగులుతాయి.

మొదటిది కాగితాలు. పీఎఫ్ కోడ్, ఈఎస్ఐ కోడ్, లేబర్ లైసెన్సు, జీఎస్టీ నంబరు, డబ్ల్యూసీ పాలసీ (కూలీల నష్టపరిహార బీమా), కూలీల ఆధార్, వైద్య ధ్రువపత్రం, ఎత్తులో పనిచేసేవాడికి హైట్ పాసు. వీటిలో ఒకటి లేకపోతే గేటు పాసు రాదు. ఇది ఎక్కువగా అమలయ్యే భాగం, ఎందుకంటే గేటు దగ్గర అడిగేవాడు ఉన్నాడు. రెండోది సామగ్రి. హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు, సేఫ్టీ బెల్టు సబ్ కాంట్రాక్టరు తన ఖర్చుతో ఇవ్వాలి. మూడోది జరిమానాలు. హెల్మెట్ లేకపోతే ఇంత, బెల్టు తగిలించకపోతే ఇంత, రన్నింగు బిల్లులో కోత. నాలుగోది బాధ్యత బదిలీ. ఎలాంటి ప్రమాదం జరిగినా, ఎవరి తప్పు వల్ల జరిగినా, కంపెనీకి నష్టం రాకుండా సబ్ కాంట్రాక్టరే భరించాలన్న షరతు. దాన్ని ఆంగ్లంలో ఎంత గంభీరంగా రాసినా తెలుగులో అర్థం ఒకటే: పైన కురిసిన వాన కింది గుడిసెలోనే కారాలి.

ఈ నాలుగింటిలో ఏదీ చెల్లింపు కాదు. అన్నీ వసూళ్లే. షరతుల కాగితంలో భద్రత జరిమానాగా కనిపిస్తుంది, ఖర్చుగా కనిపిస్తుంది, రేటుగా మాత్రం కనిపించదు. లెక్క కోసం వంద రూపాయల పని అనుకుందాం. టెండరులో లెస్ వేసి, అంటే అంచనా కంటే తక్కువకు కోట్ చేసి, ఒకరు 90కి తీసుకున్నారు. తన లాభం తీసి ఇంకొకరికి 80కి ఇచ్చారు. ఆయన మేస్త్రీకి 70కి పీస్ వర్కు ఇచ్చాడు. కూలి తగ్గిస్తే మనుషులు రారు, సిమెంటు, ఇనుము పైనుంచే వస్తాయి. ఇక మేస్త్రీ చేతిలో కోయడానికి మిగిలింది ఏమిటి? పరంజాకు ఒక అడ్డ పైపు, కందకానికి రెండు పలకలు, రాత్రి పనికి ఒక దీపం. అతను చెడ్డవాడై కోయడం లేదు. ఇచ్చిన రేటులో అతనికి కోయగలిగినవి అవే.

చట్టం ఈ బదిలీని పూర్తిగా ఒప్పుకోదన్నది చాలామంది సబ్ కాంట్రాక్టర్లకు తెలియదు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని ఇవ్వాలి. ఈఎస్ఐ చందా మొదట కట్టాల్సింది ప్రధాన యజమానే. నష్టపరిహారం కోరే కూలీ నేరుగా ప్రధాన యజమాని మీద కేసు వేయవచ్చు. తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకోవచ్చు. ఒప్పందంలో రాసుకున్న బదిలీ ఇద్దరు సంతకందారుల మధ్యే చెల్లుతుంది. సంతకం పెట్టని కూలీ హక్కును అది తాకలేదు.

డబ్బు ఆలస్యం కూడా భద్రతా సమస్యే. బిల్లులో ఆపి ఉంచే రిటెన్షన్ సొమ్ము నిలిచిపోతే, రెండు బిల్లులు ఆలస్యమైతే, మేస్త్రీ వారం బట్వాడా కోసం వడ్డీకి తెస్తాడు. ఆ వారం బెల్టులు కొనడు. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంది, ఆలస్యానికి వడ్డీ కూడా చెప్పింది. నిర్మాణ కాంట్రాక్టులకు అది వర్తిస్తుందా అన్న విషయంలో మాత్రం కోర్టుల మాట ఒక్కలా లేదు. ఈ సందిగ్ధంలో నలిగేది కింది చెయ్యే.

మీటరున్నర లోతు

సిద్ధాంతం వదిలి ఒక కందకంలోకి దిగుదాం. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అలాంటి పైపులైను అంటే కిలోమీటర్ల కొద్దీ కందకం. ఇలాంటి పనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ఉంది. మట్టిలో మీటరున్నర కంటే లోతైన కందకానికి పలకలు, దుంగలు పెట్టి గోడలను ఆపాలంటుంది. దాన్నే ఇంజనీర్లు షోరింగ్ అంటారు. తవ్విన మట్టిని అంచునుంచి మీటరున్నర, లేదా కందకం లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో వేయాలి. ఘనమీటరు మట్టి టన్నున్నర, తడిస్తే అంతకంటే ఎక్కువే తూగుతుంది. నడుం దాకా పూడినా మనిషి తనంతట తాను బయటపడలేడు. ఛాతీ దాకా పూడితే ఊపిరి ఆడదు. పక్కవాడు ప్రాణం పోతోందని దిగితే, రెండో గోడ అతని మీద పడుతుంది.

ఇప్పుడు బిల్లు చూద్దాం. తవ్వకం రేటులో షోరింగ్ కూడా కలిసే ఉందని ఒక మాట రాసి ఉంటుంది. ఘనమీటరుకు ఇంత, అన్నీ కలిపి. కొలత పుస్తకం, సైటు భాషలో ఎం బుక్కు, అందులో పొడవు, వెడల్పు, లోతు రాస్తారు. గుణిస్తే ఘనమీటర్లు వస్తాయి. పలకలు పెట్టినవాడికీ, పెట్టనివాడికీ అదే అంకె. పెట్టినవాడికి ఖర్చు ఎక్కువ, వేగం తక్కువ. ఎం బుక్కులో లేనిది సైటులో లేనట్టే అని పనిలో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇసుక నేలలో, నీళ్లు ఊరే చోట, మీటరున్నర హద్దు కూడా ఎక్కువే కావచ్చు. ఆ తీర్పు సైటులో ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇచ్చేవాడికి పని ఆపే అధికారం, ఆపినందుకు కోత పడదన్న భరోసా రెండూ ఉండాలి.

పరంజాకు, క్రేన్‌కు కూడా ఇదే లెక్క. పొద్దున్నే టూల్ బాక్స్ టాక్ అని పది నిమిషాలు నిలబెట్టి చెబుతారు. ఆ మాటలు హిందీలోనో ఆంగ్లంలోనో ఉంటే, సవర భాష మాట్లాడే కూలీ, ఒడియా మాట్లాడే కూలీ పుస్తకంలో వేలిముద్ర వేసి పనికి పోతారు. రిజిస్టరు నిండుతుంది. తెలియాల్సిన సంగతి తెలియదు.

ప్రాణానికి కట్టిన లెక్క

ప్రమాదం జరిగాక ఊళ్లో పెద్దమనుషుల సమక్షంలో ఒక కాగితం రాసుకోవడం మనకు తెలిసిన తంతు. కొంత సొమ్ము, ఇక కేసు లేదని సంతకాలు. 1923 నాటి నష్టపరిహార చట్టం ఈ కాగితానికి విలువ ఇవ్వలేదు. పరిహారపు హక్కు వదులుకుంటూ రాసిన ఒప్పందం చెల్లదంది. మరణ పరిహారం కమిషనరు దగ్గర జమ చేయాలే తప్ప కుటుంబం చేతిలో నేరుగా పెట్టినది లెక్కలోకి రాదంది. తాగి ఉన్నాడు, హెల్మెట్ పెట్టుకోలేదు అన్న వాదన మరణం విషయంలో పనికిరాదంది. కొత్త సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ దారిలోనే నడిచింది.

పాత చట్టం లెక్కే తీసుకుందాం. ముప్పై ఏళ్ల మనిషి, నెల వేతనం చట్టం గుర్తించే గరిష్ఠం 15,000 రూపాయలు. అందులో సగం 7,500. ముప్పై ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న గుణకం 207.98. గుణిస్తే 15,59,850 రూపాయలు. ఊరి పంచాయితీలో తేల్చిన సొమ్ము దీని పక్కన పెట్టి చూస్తే, ఆ సంతకాలు ఎవరికి లాభమో తెలుస్తుంది. సబ్ కాంట్రాక్టరు డబ్ల్యూసీ పాలసీ తీసుకున్నాడా, అందులో తలల సంఖ్య ఎంత రాశాడు అన్నదే అక్కడ ప్రాణాధారం. ఇరవై మందికి పాలసీ తీసుకుని నలభై మందితో పని చేయిస్తే, ఇరవై ఒకటో మనిషి దగ్గర బీమా కంపెనీ పేచీ పెడుతుంది.

ఇంకో నిధి ఉంది. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు. 1996 నాటి సెస్సు చట్టం నుంచి వసూలవుతోంది. దాన్నుంచే సంక్షేమ మండళ్లు పెళ్లికి, ప్రసవానికి, మరణానికి సాయం ఇస్తాయి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. దేశంలో ఈ నిధి పెద్దమొత్తంలో ఖర్చు కాకుండా మిగిలిపోవడాన్ని, కొన్నిచోట్ల లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లకు పోవడాన్ని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. 2018 మార్చిలో జస్టిస్ లోకూర్ ధర్మాసనం అమలు కోసం విస్తారమైన ఆదేశాలిచ్చింది. కానీ మండళ్లు రాష్ట్రాలవారీగా ఉన్నాయి. కొత్తూరు నుంచి చెన్నై వెళ్లినవాడు ఎక్కడ 90 రోజులు పూర్తిచేసినట్టు? ఎవరు సంతకం పెడతారు? మేస్త్రీ ఒక్కడే అతని పనికి సాక్షి, ఆ మేస్త్రీ కాగితాల్లో ఉండడు.

బయటివాళ్లు చేసిన పని

హాంకాంగ్ 1996లో ప్రభుత్వ నిర్మాణాల్లో భద్రతకు డబ్బు చెల్లించే పథకం తెచ్చింది. కాంట్రాక్టు విలువలో సుమారు 2 శాతాన్ని విడిగా తీసి, భద్రతా ప్రణాళిక, భద్రతాధికారి, కమిటీ సమావేశాలు, శిక్షణ లాంటి అంశాలకు బిల్లులో వేరే వరుసలు పెట్టింది. ఆ రేట్లు టెండరు పోటీలోకి రావు. ఎవరూ వాటిని కోసి తక్కువకు కోట్ చేయలేరు. చేసినట్టు రుజువైతే డబ్బు వస్తుంది, చేయకపోతే రాదు. ఆ తేడా ఒక్కటే మనుషుల ప్రవర్తనను మారుస్తుంది.

బ్రిటన్ ఇంకో వైపు నుంచి వచ్చింది. 1994లో మొదలుపెట్టి 2015 దాకా సవరించిన నిర్మాణ నియమాల్లో కట్టించుకునే యజమానినే మొదటి బాధ్యుడిగా నిలబెట్టింది. పనికి తగిన సమయం, డబ్బు ఇవ్వడం అతని విధి. ఒకరి కంటే ఎక్కువమంది కాంట్రాక్టర్లు ఉంటే ప్రధాన కాంట్రాక్టరును రాతపూర్వకంగా నియమించాలి. నియమించకపోతే ఆ విధులన్నీ యజమానివే. అంటే గొలుసును పొడిగించి తప్పించుకునే దారి మూసేసింది.

మన దగ్గర ఈ రెండింటి నీడలు లేకపోలేదు. పెద్ద మెట్రో ప్రాజెక్టుల్లో విడి భద్రతా షరతుల పుస్తకాలు ఉన్నాయి. కానీ అవి ఎక్కువగా జరిమానా పట్టికలే. మన కొత్త కోడ్ ప్రధాన యజమాని మీద సౌకర్యాల భారం పెట్టి బ్రిటన్ వైపు సగం అడుగు వేసింది. హాంకాంగ్ వైపు అడుగు ఇంకా పడలేదు.

ఎవరి మాటలో ఎంత నిజం

కూలీలే బెల్టు పెట్టుకోరని కాంట్రాక్టర్లు అంటారు. నిజమే, కానీ సగం నిజం. తగిలించడానికి తాడు కట్టని చోట బెల్టు నడుముకు బరువు మాత్రమే. సిబ్బంది చాలరని అధికారులు అంటారు. అదీ నిజమే. అయితే నౌపడ పరిధిలోని పనుల్లో చాలావాటికి యజమాని ప్రభుత్వమో, ప్రభుత్వ సంస్థో. తన టెండరు కాగితంలో తాను వరుస చేర్చుకోవడానికి ఎవరి తనిఖీ అవసరం లేదు. ఖర్చు పెరుగుతుందని ఇంజనీర్లు అంటారు. పెరుగుతుంది. ఆ ఖర్చు ఇప్పుడు కూడా ఉంది, దాన్ని మేస్త్రీ ఇంటివాళ్లూ, కూలీ ఇంటివాళ్లూ కడుతున్నారు.

అందుకే ఈ తీరం పనులకు నాలుగు మార్పులు చాలు అనిపిస్తుంది. షోరింగ్, పరంజా, తుపాను ముందు కట్టుదిట్టాలు, శిక్షణ అనే వాటికి బిల్లులో విడి వరుసలు, టెండరు పోటీ బయట. సబ్ కాంట్రాక్టరు కింద ఇంకో సబ్ కాంట్రాక్టరు ఉంటే, చివరి మేస్త్రీ పేరు దాకా ప్రధాన యజమాని రిజిస్టరులో ఉండాలి. సైటులో పొద్దున చెప్పే మాట తెలుగులో, ఒడియాలో, సవరలో ఉండాలి. మీటరున్నర దాటిన కందకంలో పలకలు లేకపోతే పని ఆపే అధికారం మేస్త్రీకీ ఉండాలి, ఆపిన గంటలకు కోత పడకూడదు.

సబ్ కాంట్రాక్టరు సోదరులకు ఒక మాట. వర్క్ ఆర్డరు మీద సంతకం పెట్టేముందు రేటు చూస్తారు, గడువు చూస్తారు. మూడోది కూడా చూడండి. భద్రతకు అందులో ఎక్కడైనా ఒక అంకె ఉందా? లేకపోతే అడగండి. ఇవ్వకపోవచ్చు. అడిగినట్టు లేఖ రాసి ఒక నకలు దగ్గర పెట్టుకోండి. రేపు ఏదైనా జరిగి, బాధ్యత అంతా మీదేనని పైవాళ్లు ఆ ఇరవై పేజీలు తీసినప్పుడు, మీ వైపు నుంచి చూపించడానికి ఒక కాగితమైనా ఉంటుంది.

ఎం బుక్కులో కందకానికి ఇచ్చే కొలత బయటికి తీసిన మట్టికి. ఖాళీ అయిన జాగాను కొలిచి డబ్బు ఇస్తాం. ఆ ఖాళీలో మనిషి బతికి ఉండేలా నిలబెట్టిన పలకకు కొలత లేదు. ఆ పుస్తకంలో పొడవు, వెడల్పు, లోతు పక్కన ఇంకొక గడి గీయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. స్కేలు, పెన్సిలు, పై ఇంజనీరు సంతకం చాలు.